పెద్దవాళ్లు సొంతంగా వాడుకునే యాప్ ఎలా ఉండాలి? మీ ఇళ్లలో చూసింది చెప్పండి

గుంటూరు_కోడర్:
పింఛనుదారుల కోసం యాప్ చేస్తున్నాం. చాలామందికి ఇదే మొదటి స్మార్ట్‌ఫోన్. అక్షరాలు పెద్దవి చేస్తే చాలంటున్నారు మా టీమ్‌లో, నాకైతే అది సరిపోదనిపిస్తోంది. మీ పెద్దవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారు?

సిద్దిపేట_అమ్మాయి:
ఓటీపీ దగ్గరండి. మా అమ్మ మెసేజుల్లోకి వెళ్లి, కళ్లజోడు పెట్టుకుని ఆరంకెలూ కాగితం మీద రాసుకుని వచ్చేసరికి టైమ్ అయిపోతుంది, పైగా అప్పటిదాకా నింపిన పేరు, ఖాతా నంబరు అన్నీ మాయం. ఇక ఆ రోజుకి ఫోన్ ముట్టుకోదు. టైమ్ పెంచుకునే వీలివ్వండి, నింపినవి పోకుండా చూడండి. ఇది గొంతెమ్మ కోరికేం కాదు, వెబ్‌సైట్లు అందరూ, వైకల్యం ఉన్నవాళ్లూ వాడుకోగలిగేలా ఉండాలని చెప్పే 2008 నాటి డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణాల్లోనే టైమ్ గురించి ఉంది.

రిటైర్డ్_మాస్టారు:
బాబూ, నాకు 71 ఏళ్లు. మేం నేర్చుకోలేక కాదు, నేర్చుకున్నది మళ్లీ అక్కడ ఉండదు. అప్‌డేట్ అంటారు, కింద ఉన్న బటన్ పైకి పోతుంది. వేలు ఒక్క క్షణం ఎక్కువ ఆనిందా, ఇంకేదో తెరుచుకుంటుంది. మూడు గీతల బొమ్మ పెడితే దాని పక్కన మాట కూడా రాయండి.

విజయవాడ_యూఎక్స్:
మాస్టారు చెప్పింది నిజం. ఆండ్రాయిడ్ మార్గదర్శకాల్లో బటన్ కనీసం 48 డీపీ (తెర మీద సైజు కొలత), అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. వణికే చేతికి అదీ చాలదు, బటన్ల మధ్య ఖాళీ కూడా కావాలి.

డబ్బు పోతుందేమోనన్న టెన్షన్ ఇంకా పెద్ద అడ్డంకి. యూపీఐలో పిన్ డబ్బు పంపడానికి కావాలి, రావడానికి అక్కర్లేదు. ఈ ముక్క తెలియకే ఎంతోమంది మోసపోతున్నారు. దాన్ని సాయం పేజీలో దాచకుండా, 'మీ ఖాతా నుంచి 500 రూపాయలు వెళ్తాయి' అని పిన్ కొట్టే ముందే పెద్ద అక్షరాల్లో చూపించాలి.

కడప_మేనల్లుడు:
పింఛను ఆగకుండా ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్‌కి ముఖ గుర్తింపు 2021లో వచ్చింది, వేలిముద్రలు అరిగిపోయిన మా మావయ్యకి ఎంత ఊరటో! మీ యాప్‌లోనూ ఒక దారి మూసుకుపోతే ఇంకోటి ఉండాలి.

గుంటూరు_కోడర్:
మాస్టారూ, మొదటి వెర్షన్ మీకు పంపితే చూసిపెడతారా?

రిటైర్డ్_మాస్టారు:
పంపడం కాదు, మీరే రండి. నలుగురైదుగురు పింఛనుదారుల్ని కూర్చోబెడతాను. ఒక్కటే షరతు, ఎక్కడ నొక్కాలో మాకు చూపించకూడదు, ఎంతసేపు పట్టినా సరే.