టెక్సస్‌లో టీ-టెస్ అబ్జర్వేషన్: ఏం చూస్తారు?

ప్రశ్న: టెక్సస్ పబ్లిక్ స్కూల్లో ఈ ఏడాదే చేరాను. ఇక్కడ టీచర్ల పనితీరును టీ-టెస్ అనే పద్ధతిలో అంచనా వేస్తారట. టీ-టెస్‌లో అసలు ఏం చూస్తారు? రేటింగ్ నచ్చకపోతే దారేంటి?

జవాబు 1: ప్లానింగ్, బోధన, తరగతి వాతావరణం, వృత్తి బాధ్యతలు, మొత్తం 16 అంశాలు, ఒక్కోదానికి 5 స్థాయిలు. పూర్తి అబ్జర్వేషన్ (తరగతిలో కూర్చుని మీ పాఠం చూడటం) కనీసం 45 నిమిషాలు. చాలామంది దెబ్బతినేది ఒక్కచోటే: పీరియడ్ అంతా తామే మాట్లాడేస్తారు. పై రెండు స్థాయిలు రావాలంటే పిల్లలే ఒకరినొకరు ప్రశ్నించుకోవాలి, తమ తప్పు తామే పట్టుకోవాలి. మధ్యలో ఉండే ‘ప్రొఫిషియెంట్’ వస్తే దిగులొద్దండీ, అది మంచి రేటింగే.

జవాబు 2: అబ్జర్వేషన్ అయ్యాక 10 పనిదినాల్లో పోస్ట్ కాన్ఫరెన్స్ పెట్టాలి, అంటే మీతో కూర్చుని చూసినదాని గురించి మాట్లాడాలి. రాతపూర్వక సారాంశం చేతికొచ్చాక మీకూ 10 పనిదినాలే: అభ్యంతరం రాసివ్వచ్చు, రెండో అప్రైజర్‌ను (రేటింగ్ ఇచ్చే మరో వ్యక్తిని) అడగచ్చు. నోటిమాటగా వద్దు, కాగితం మీదే పెట్టండి. అన్నట్టు, డాలస్ స్కూల్ డిస్ట్రిక్ట్‌ది సొంత పద్ధతి, అక్కడి నియమాలు విడిగా చూసుకోండి.