జర్మనీ కూడా నెదర్లాండ్స్ బాట పట్టాలా: ముందు ఫ్యామిలీ డాక్టర్, ఆయన పంపితేనే స్పెషలిస్ట్?

వెల్డ్‌హోవెన్ వాసి
2025లో జర్మనీలో ఏర్పడిన సంకీర్ణ ప్రభుత్వం తన ఒప్పందంలో ఒక మాట రాసుకుంది. ఇకమీదట ఎవరైనా ముందు ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికే వెళ్లాలి, స్పెషలిస్ట్ అవసరమా కాదా ఆయనే తేలుస్తారు, కంటి డాక్టరుకీ గైనకాలజిస్టుకీ మాత్రం మినహాయింపు అని. నెదర్లాండ్స్‌లో ఉన్నవాళ్లకి ఇది రోజువారీ సంగతే. మా టీమ్‌లో సగం మంది సరిహద్దు అవతల జర్మనీలో ఉండి వస్తారు, వాళ్లకి మాత్రం ఇది ఘోరం.

నేను మాత్రం రావాలనే అంటాను. ఇక్కడ ఇంటికి దగ్గర్లో ఒక జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర పేరు రాయించుకుంటాం. బీపీ నుంచి డిప్రెషన్ దాకా అన్నీ ఆయన దగ్గరే, ఫైలు మొత్తం ఒకే చోట. ఇన్సూరెన్స్‌లో ఏటా మొదటి 385 యూరోలు మన జేబులోంచే పోతాయి కదా, జీపీ కన్సల్టేషన్ ఆ లెక్కలోకి రాదు. అంటే డబ్బుకి భయపడి డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ఉండాల్సిన పని లేదు. రాత్రుళ్లు, వీకెండ్స్ వెళ్లే హౌస్‌ఆర్ట్సెన్‌పోస్ట్ అనే జీపీ క్లినిక్‌కీ ఇదే రూల్. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి.

ఆఖెన్ అమ్మ
నాకుంది. మేం ఇంతకుముందు నెదర్లాండ్స్‌లోనే ఉండేవాళ్లం. బాబుకి జ్వరమని ఫోన్ చేస్తే ఎత్తేది డాక్టర్ కాదు, అసిస్టెంట్. నీళ్లు తాగుతున్నాడా, ఒంటికి పోస్తున్నాడా, మెడ వంచుతున్నాడా అని వరసగా అడుగుతుంది. చివరికి పారాసిటమాల్ వేసి మూడు రోజులు చూడమంటుంది. ఆ మూడు రోజులూ ఇంట్లో నా టెన్షన్ ఎవరికి చెప్పుకోను?

ఇక్కడ జర్మనీలో పిల్లలకి పిల్లల డాక్టరే ఫ్యామిలీ డాక్టర్. పుట్టిన రోజు నుంచి యూ-1, యూ-2 అని చెకప్‌లుంటాయి, పసుపుపచ్చ పుస్తకంలో అన్నీ రాసి పెడతారు. జ్వరమొస్తే ఉదయాన్నే తీసుకెళ్తాను, గంట కూర్చోబెడతారేమో గానీ చూసే పంపిస్తారు. రేపు దీనికి కూడా మధ్యలో ఇంకో మనిషిని పెడతామంటే ఒప్పుకోను.

వెల్డ్‌హోవెన్ వాసి
పిల్లల డాక్టర్ని తీసేస్తామని ఎవరూ అనలేదండీ. అయినా ఇక్కడ మాత్రం పిల్లల్ని ఎవరూ పట్టించుకోరనుకుంటే ఎలా? టీకాలు, బరువు, ఎదుగుదల అన్నీ కన్సుల్టాటీబ్యూరో అనే పిల్లల ఆరోగ్య కేంద్రంలో నాలుగేళ్ల దాకా ఉచితంగా చూస్తారు. జబ్బు చేస్తేనే జీపీ. పారాసిటమాల్ మీద జోకులు నాకూ తెలుసు. కానీ యూరప్‌లో యాంటీబయాటిక్స్ అతి తక్కువగా వాడే దేశాల్లో ఇదొకటి. మన ఊళ్లో జలుబుకి కూడా మెడికల్ షాపులోనే అజిత్రోమైసిన్ కొనుక్కుని పెరిగిన మనకి అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది.

రైన్ గట్టు
డ్యూసెల్‌డార్ఫ్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. అమ్మగారు చెప్పిన స్వేచ్ఛ కాగితం మీద నిజమే. స్కిన్ డాక్టర్ దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. కానీ ఫోన్ చేయగానే మొదటి ప్రశ్న ఏమిటి? ప్రభుత్వ పద్ధతి ఇన్సూరెన్సా, ప్రైవేటా? ప్రైవేట్ అంటే వచ్చే వారం. నాలాంటివాడికి రెండు నెలలు, లేదా 'కొత్త పేషెంట్లని తీసుకోవట్లేదు'. జర్మన్ సరిగ్గా రాని వాళ్లకి ఈ స్వేచ్ఛంతా పది క్లినిక్‌లకి ఫోన్లు చేయడంలోనే అయిపోతుంది. 116117కి ఫోన్ చేస్తే అపాయింట్‌మెంట్ వెతికి పెట్టే సర్వీస్ ఉంది, కానీ దాన్ని సరిగ్గా వాడుకోవాలంటే మళ్లీ డాక్టర్ రాసిచ్చిన కోడ్ ఉన్న చీటీ కావాలి. చూశారా, గేటు ఇప్పటికే ఉంది, బోర్డు మాత్రమే లేదు.

గేటు పెట్టాలని చూడటం కూడా ఇది మొదటిసారి కాదు. 2004లో 'ప్రాక్సిస్‌గెబ్యూర్' అని మూడు నెలలకోసారి పది యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టారు. మొదట వెళ్లిన డాక్టర్ దగ్గర కట్టి చీటీ తీసుకుంటే ఆ మూడు నెలల్లో మిగతా డాక్టర్ల దగ్గర మళ్లీ కట్టక్కర్లేదు. ఏం జరిగింది? జనం ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికెళ్లి కంటికొకటి, ఎముకలకొకటి, చర్మానికొకటి అని చీటీలు కట్టగా రాయించుకున్నారు. డాక్టరు చూసిందేం లేదు, కౌంటర్లో అమ్మాయి ప్రింట్ తీసిచ్చేది. విజిట్లు తగ్గింది లేదు, 2012 చివరితో ఎత్తేశారు. ఇప్పుడు పెట్టబోయే రూల్ కూడా ఇలాంటి చీటీల ఫ్యాక్టరీ కాదని హామీ ఏముంది?

అసలు తేడా గేటులో లేదు, డాక్టర్ టైమ్ దేనికి పోతోందన్నదాంట్లో ఉంది. జర్మనీలో జబ్బు మూడు రోజులు దాటితే ఆఫీసుకి డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, మొదటి రోజే అడిగే కంపెనీలూ ఉన్నాయి. జలుబు చేసి ఇంట్లో పడుకోవాల్సినవాడు వెయిటింగ్ రూమ్‌లో కూర్చుని పక్కవాడికి అంటిస్తాడు. 2023 డిసెంబర్ నుంచి తెలిసిన పేషెంట్లకి, చిన్న జబ్బులైతే, ఫోన్ మీదే ఐదు రోజుల దాకా ఇస్తున్నారు కాబట్టి కొంత నయం. నెదర్లాండ్స్‌లో జీపీ సిక్ సర్టిఫికెట్ ఇవ్వనే ఇవ్వడు, అది కంపెనీ డాక్టర్ పని.

ఇంకొకటి డబ్బు లెక్క. ఇక్కడ ఫ్యామిలీ డాక్టరుకి ఫీజులో పెద్ద భాగం మూడు నెలలకోసారి లెక్కేస్తారు, మన కార్డు ఆ మూడు నెలల్లో ఒకసారైనా గీకాలి. అందుకే థైరాయిడ్ మాత్రకి కూడా ప్రతి క్వార్టర్‌లో మొహం చూపించమంటారు. డచ్ జీపీకి పేరు రాయించుకున్న ప్రతి మనిషికీ ఇంత అని వస్తుంది, కన్సల్టేషన్‌కి వేరే. వెళ్లినా వెళ్లకపోయినా ఆయనకి మన పేరు మీద డబ్బొస్తుంది, కాబట్టి ఊరికే పిలిపించుకునే అవసరం లేదు. ఇవి మార్చకుండా గేటొక్కటే అరువు తెచ్చుకుంటే ఉన్న క్యూ స్పెషలిస్ట్ గుమ్మం నుంచి ఫ్యామిలీ డాక్టర్ గుమ్మానికి మారుతుంది, అంతే.

లూవెన్ పీహెచ్‌డీ
మీరిద్దరూ కొట్టుకుంటుంటే మధ్యలో బెల్జియం ఒకటుందని గుర్తు చేస్తున్నా. ఇక్కడ బలవంతం లేదు, కానీ ఒక డాక్టర్ దగ్గర మన మెడికల్ ఫైలు పెట్టుకుంటే మన వాటా తగ్గుతుంది. ఆయన చీటీతో స్పెషలిస్ట్ దగ్గరికెళ్తే అక్కడా కొంత తగ్గింపు ఉంది. ముసలివాళ్ల కోసం డాక్టర్ ఇంటికొచ్చే అలవాటు ఇంకా పోలేదు. కర్రతో కాకుండా చిన్న బెల్లం ముక్కతో పని జరిపిస్తున్నారు. జర్మనీ ఇది చూసి నేర్చుకోవచ్చు కదా?

రైన్ గట్టు
జర్మనీలోనూ ఉందండీ. 2008 నుంచి బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ఏఓకే అనే ప్రభుత్వ పద్ధతి ఇన్సూరెన్స్ వాళ్లు ఇలాంటిదే నడుపుతున్నారు. ఇష్టమైతే సంతకం పెట్టి ఒకే ఫ్యామిలీ డాక్టరుకి కట్టుబడి ఉండటం. నన్నడిగితే దాన్నే పెంచాలి. అందరి మీదా ఒకేసారి రుద్దితే తట్టుకునేంతమంది డాక్టర్లు లేరు. పల్లెల్లో ఉన్నవాళ్లు రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డారు, వాళ్ల క్లినిక్ తీసుకునేవాళ్లు దొరకట్లేదు.

కూకట్‌పల్లి చూపు
బయటినుంచి ఒక మాట. మీరు పోట్లాడుకుంటున్న మనిషే మాకు లేడు. నడుం నొప్పంటే నేరుగా న్యూరో దగ్గరికి, అక్కడ ఎమ్మారై, అది తీసుకుని ఆర్థో దగ్గరికి, ఆయన మళ్లీ ఇంకోటి. ఫైళ్లన్నీ పాలిథిన్ కవర్‌లో మన చంకలోనే. ఊళ్లో ఇంటి సంగతులన్నీ తెలిసిన మనిషి ఆర్‌ఎంపీ ఒక్కడే, పాపం ఆయనకి డిగ్రీ లేదు. కనీసం ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పే ఒక ఎంబీబీఎస్ ఉంటే చాలని మా అమ్మ అంటుంటుంది.

ఆఖెన్ అమ్మ
రైన్ గట్టు గారూ, సిక్ సర్టిఫికెట్ సంగతి ఒప్పుకుంటాను. కానీ వెల్డ్‌హోవెన్ వాసి గారు దాటవేసిన విషయం ఒకటుంది. ఆ జీపీ దొరకాలి కదా ముందు! చాలా ఊళ్లలో కొత్తవాళ్లని చేర్చుకోవట్లేదు. ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి 'నాకు డాక్టర్ని వెతికి పెట్టడం మీ బాధ్యత' అని పట్టుబడితే తప్ప దొరకని పరిస్థితి మా స్నేహితులు చూశారు. పైగా అక్కడ ఉద్యోగం లేని భార్యకి కూడా విడిగా ప్రీమియం కట్టాలి, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకే ఉచితం. ఇక్కడ ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లో ఒకరి జీతం మీద భార్యాపిల్లలు అదనంగా ఏమీ కట్టకుండా వచ్చేస్తారు. డిపెండెంట్ వీసా మీద వచ్చే మన ఆడవాళ్లకి ఇది చిన్న విషయమేం కాదు.

వెల్డ్‌హోవెన్ వాసి
ప్రీమియం లెక్కలో మీదే పైచేయి, కాదనను. అయితే అది ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి తప్పు కాదు, ఇన్సూరెన్స్ తీరు వేరు. జీపీ కొరత నిజమే, మా పక్క వీధిలోనూ ఉంది. కానీ ఒకసారి పేరు ఎక్కాక ఆ మనిషి 'నా పేషెంట్ కాదు' అని తప్పించుకోలేడు. మీ దగ్గర చర్మం డాక్టర్ కళ్ల డాక్టర్ వైపు, ఆయన ఇంకొకరి వైపు చూపిస్తే పేషెంటుకి జవాబుదారీ ఎవరు? దానికి మీ దగ్గర జవాబు లేదు.

లూవెన్ పీహెచ్‌డీ
సరిహద్దు పక్కనే ఉన్నాం కాబట్టి అడుగుతున్నా. డచ్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఆఖెన్‌లో స్పెషలిస్ట్‌కి చూపించుకోవచ్చా?

రైన్ గట్టు
చూపించుకోవచ్చు. 2011 నాటి యూరోపియన్ యూనియన్ రూల్ ప్రకారం పక్క దేశంలో అవుట్‌పేషెంట్‌గా చూపించుకుంటే సొంత దేశపు రేటు దాకా డబ్బు తిరిగిస్తారు. కానీ ఇంట్లో ఉన్న షరతులే అక్కడా వర్తిస్తాయి, అంటే ముందు జీపీ రెఫరల్ తీసుకోవాలి. ఐదొందల యూరోల బిల్లు కట్టి ఆ కాగితం లేదని చేతులెత్తేసినవాళ్లని చూశాను. సరిహద్దు దాటి ఉద్యోగం చేసేవాళ్ల సంగతి వేరు: నెదర్లాండ్స్‌లో పని, జర్మనీలో ఇల్లు అయితే డచ్ ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర్నుంచి ఎస్-1 అనే ఫారం తెచ్చి ఇక్కడి ఇన్సూరెన్స్ ఆఫీసులో ఇస్తే రెండు వైపులా డాక్టర్లకి చూపించుకోవచ్చు.

ఆఖెన్ అమ్మ
ఆ ఎస్-1 మా ఆయనకి తెలియనే తెలియదు! రేపే హెచ్‌ఆర్‌ని అడగమంటాను. జర్మనీలో గేటు మీద నా ఓటు మాత్రం ఇంకా వద్దనే.