నత్రజని స్థాపనా, స్థిరీకరణా?

ప్రశ్న: మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో ‘నత్రజని స్థాపన’ అని ఉంది. వ్యవసాయ వ్యాసాల్లో ‘నత్రజని స్థిరీకరణ’ అని చదివాను. రెండూ ఒకటేనా? వేరుశనగ మీద ప్రాజెక్టు రాస్తోంది, ఏది వాడమని చెప్పాలి?

జవాబు: రెండూ ఒకే ప్రక్రియకు పేర్లండీ: వేరుశనగ లాంటి కాయజాతి మొక్కల వేళ్ల మీది చిన్న ఉబ్బుల్లో, అంటే బుడిపెల్లో, గాలిలోని నత్రజని మొక్క వాడుకోగల రూపంలోకి మారడం. రెండూ వాడుకలో ఉన్నాయి, తప్పు అనలేం. అయినా అమ్మాయి చేత ‘స్థాపన’ అనే రాయించండి.

ధరల స్థిరీకరణ అంటే నిలకడ లేని ధరలకు నిలకడ తేవడం. నత్రజని దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడుతుంది. గాలిలో 78 శాతం ఉన్న నత్రజని ముందే మహా స్థిరంగా ఉంది. దాని అణువులో రెండు పరమాణువుల మధ్య మూడు బంధాలుంటాయి. వాటిని తెంచాలంటే మోల్‌కు సుమారు 945 కిలోజౌళ్ల శక్తి కావాలి. అందుకే చుట్టూ అంత నత్రజని ఉన్నా మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. బుడిపెలో జరిగేది ఆ స్థిరత్వాన్ని బద్దలుకొట్టి అమ్మోనియాగా మార్చడం. ‘స్థిరీకరణ’ అని విన్న పిల్లల మనసులో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన బొమ్మ పడుతుంది.

మరి ఇంగ్లీషులో ‘ఫిక్సేషన్’ ఎందుకన్నారు? 18వ శతాబ్దపు స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్, సున్నపురాయి లాంటి ఘనపదార్థాల్లో చిక్కుకుని ఉన్న వాయువుకు ‘ఫిక్స్‌డ్ ఎయిర్’ అని పేరు పెట్టాడు. అదే ఇవాళ మనం అనే కార్బన్ డయాక్సైడ్. అప్పటి రసాయన శాస్త్రంలో ఆ మాటకు ‘గాలిలో తిరగకుండా పదార్థంలో పట్టుబడిన’ అని అర్థం. గాలిలోని నత్రజని మొక్క ఒంట్లోకీ నేలలోకీ చేరి కుదురుకోవడం అనే ఈ అర్థానికి ‘స్థాపన’ బాగా దగ్గర.

ఈ పని చేసే ఎంజైమ్ నైట్రోజినేజ్. ఇందులో రెండు ప్రోటీన్లుంటాయి. ఒకటి ఎలక్ట్రాన్లు అందిస్తుంది, రెండోది నత్రజనిని పట్టుకుంటుంది. ఆ రెండోదాని గుండెకాయలో ఒక మాలిబ్డినం, ఏడు ఇనుము, తొమ్మిది గంధకం, ఒక కార్బన్ పరమాణువులు గుచ్ఛంగా అమరి ఉంటాయి. ఒక్క నత్రజని అణువును రెండు అమ్మోనియా అణువులుగా మార్చడానికి ఎనిమిది ఎలక్ట్రాన్లు, కనీసం 16 ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) ఖర్చవుతాయి. పైగా ఒక ఉదజని (హైడ్రోజన్) అణువు బయటికి పోతుంది. ఎరువుల కర్మాగారంలో ఇదే మార్పుకు 400 డిగ్రీలు దాటిన వేడి, గాలి పీడనానికి వంద రెట్లకు మించిన ఒత్తిడి పెట్టాలి. వేరుశనగ చేలో మాత్రం నేల వేడికే జరిగిపోతుంది. ఖర్చు మొక్క భరిస్తుంది, ఆకులు చేసిన చక్కెరలోంచి.

బుడిపెల్లో ఉండే బాక్టీరియా పేరు రైజోబియం. ‘రైజోబియం బాక్టీరియా నత్రజనిని స్థాపిస్తుంది’ అనే వాక్యం కూడా నన్ను ఇబ్బంది పెడుతుంది. కర్త ఒక్కరే అన్నట్టుంది కదా! చాలా రైజోబియాలకు ఆ లోహగుచ్ఛంలో భాగమైన హోమోసిట్రేట్‌ను చేసుకునే జన్యువు లేదు. లోటస్ అనే కాయజాతి మొక్క మీద 2009లో వచ్చిన పరిశోధన, బుడిపెలో దాన్ని మొక్కే తయారుచేసి ఇస్తుందని తేల్చింది. ఆక్సిజన్ సంగతీ అంతే. పాత పుస్తకాల్లో ఆమ్లజని అనేవారు, నాకు ఇప్పటికీ ఆ మాటే ఇష్టం. అది తగిలితే నైట్రోజినేజ్ పాడైపోతుంది. అది లేకపోతే బాక్టీరియాకు శ్వాస ఆడదు, ఏటీపీ రాదు. ఈ చిక్కు విప్పేది మొక్క జన్యువులు చేసే లెగ్‌హీమోగ్లోబిన్. విడి ఆక్సిజన్ పెరగకుండా చూస్తూనే, బాక్టీరియా శ్వాసకు కావలసినంత అందిస్తుంది. పనిచేసే బుడిపెను గోటితో చీలిస్తే లోపల ఎర్రగా కనిపించేది అదే.

అసలు బుడిపె పుట్టడమే ఇద్దరి సంభాషణతో మొదలవుతుంది. వేరు ఫ్లేవనాయిడ్లనే రసాయనాలను విడుస్తుంది. బాక్టీరియాలోని నాడ్-డి ప్రోటీన్ వాటిని గుర్తుపట్టి, బుడిపె కట్టించే మిగతా నాడ్ జన్యువులను మేల్కొలుపుతుంది. నాడ్-సి కైటిన్ (పురుగుల పెంకులో ఉండే పదార్థం) లాంటి చిన్న గొలుసు అల్లుతుంది, నాడ్-బి దాని చివర ఒక ఎసిటైల్ గుంపును తీసేస్తుంది, నాడ్-ఏ అక్కడ కొవ్వు ఆమ్లం తగిలిస్తుంది. ఇలా తయారైన సంకేతమే నాడ్ ఫ్యాక్టర్. అది తమ మొక్కకు సరిపడే బాక్టీరియాదో కాదో వేరు మీది గ్రాహకాలు పసిగడతాయి. గొలుసు మీద చిన్న తేడా ఉన్నా తలుపు తెరుచుకోకపోవచ్చు. తెరుచుకుంటే వేరులోని కణాలు విభజన చెంది బుడిపె కడతాయి. బాక్టీరియా లోపలికి వెళ్లాక, ఆక్సిజన్ తగ్గాకే దానిలోని నత్రజనిని పట్టే ‘నిఫ్’ జన్యువులు పనిలోకి దిగుతాయి. అందుకే కర్తగా ఇద్దర్నీ పెట్టమంటాను: ‘మొక్కా బాక్టీరియా కలిసి నత్రజనిని స్థాపిస్తాయి.’

మరో ప్రశ్న: కొన్నిచోట్ల ‘వేరు కణుపులు’ అని చూశాను. బుడిపెలు, బొడిపెలు, కణుపులు – మూడూ ఒకటేనా?

జవాబు: బుడిపె, బొడిపె ఒకటే, ప్రాంతాన్ని బట్టి పలుకు మారుతుంది. కణుపు పూర్తిగా వేరు. అది చెరుకు గడకూ వెదురుకూ ఉండేది, ఆకు పుట్టే చోటు. ఇంగ్లీషులో నోడ్, నాడ్యూల్ అనే మాటలు దగ్గరగా ఉండటంతో అనువాదంలో జరిగిన పొరపాటిది. దయచేసి వాడకండి, చదివే రైతు తికమకపడతాడు.

ఇంకో చిక్కు ఉంది. నులిపురుగులు పట్టిన టమాటా వేళ్ల మీది ఉబ్బులను కూడా బుడిపెలే అంటాం. అది రోగం, ఇది లాభం. వేరుకు పక్కన పూసలా అతుక్కుని, వేలితో తోస్తే ఊడివస్తే రైజోబియం బుడిపె. వేరే ఉబ్బిపోయి, ఊడకుండా ఉంటే నులిపురుగు పని. ఈ తికమక మనకే కాదు, 17వ శతాబ్దంలో ఇటలీకి చెందిన మల్పీఘీ కూడా కాయజాతి వేళ్ల బుడిపెలను రోగపు ఉబ్బుల్లాంటివే అనుకున్నాడు. 1886లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ వాటికీ నత్రజనికీ సంబంధం చూపారు. 1888లో హాలండ్‌లో బైయరింక్ వాటిలోంచి బాక్టీరియాను వేరుచేశాడు.

మొదట అడిగిన వారికి ఒక మాట. పుస్తకాల్లో సాధారణంగా వేసే బొమ్మలో మూలకేశం వంకీ తిరిగి, దాని గుండా బాక్టీరియా లోపలికి వెళ్తుంది. బఠాణీకి అది సరిపోతుంది. వేరుశనగలో అలా జరగదు. పక్కవేళ్లు పొడుచుకొచ్చేచోట పడే సందుల్లోంచి బాక్టీరియా దూరుతుంది. అందుకే దాని బుడిపెలు ఎక్కువగా పక్కవేళ్ల మొదళ్ల దగ్గరే కనిపిస్తాయి. అమ్మాయి చేలోంచి వేరుశనగ మొక్క తెచ్చి ప్రాజెక్టు చేస్తుంటే, పక్కన బఠాణీ బొమ్మ అతికించి దాని పేర్లే రాయకుండా చూడండి.