చర్చ: సదరం వైకల్య సర్టిఫికెట్లో 40 శాతం అని రాస్తే సుతారి మేస్త్రీకి పోయింది 40 శాతమేనా?

పానగల్ పోరడు:
మా చిన్నమామ నల్లగొండలో సుతారి మేస్త్రీ, వయసు 38. నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద లారీ తగిలి కుడి మోచెయ్యి నుజ్జయింది. రాడ్డు వేశారు. చెయ్యి భుజం దాటి లేవదు, తాపీ పడితే వేళ్లు బిగుసుకోవు. సర్టిఫికెట్లో 40 శాతం రాశారు. ఇన్సూరెన్స్ వాళ్లు సంపాదన కూడా 40 శాతమే పోయిందంటున్నారు. ఒంటిచేత్తో గోడ కడతానంటే ఎవరు పిలుస్తారు? నేనైతే నూటికి నూరు ఇవ్వాలంటాను.

దేవరకొండ:
ఆ 40 శాతం చేతికా, మొత్తం ఒంటికా? ముందు అది చెప్పండి.

కోర్టు పక్షి:
2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. శరీర వైకల్యం వేరు, సంపాదన నష్టం వేరు. ఎడమ చెయ్యి తీసేస్తే సర్టిఫికెట్లో 60 శాతం వరకు రావచ్చు. ఆ మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే, ప్రభుత్వ క్లర్కు అయితే ఉద్యోగం పోకపోవచ్చు. లెక్క చూడండి. నెలకు 15,000 అనుకుంటే, 36 నుంచి 40 ఏళ్ల వారికి మల్టిప్లయర్ (ఏడాది సంపాదనను గుణించే అంకె) 15. మొత్తం నష్టమంటే 27 లక్షలు, 40 శాతమంటే 10.8 లక్షలు. భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద కలిపేది వేరే.

లారీ అన్న:
తప్పు లారీదే అని ఎట్ల తేలింది? బైకుల వాళ్లు ఎట్ల దూరుతరో రోజూ చూస్తున్నం.

పానగల్ పోరడు:
చార్జిషీట్ లారీ డ్రైవర్ మీదే పడింది. దాని గురించి కాదు నేనడిగింది.

మిర్యాలగూడ మామ:
అందరూ నూరు శాతమే అంటారు. నెలకు 15,000 అన్నదానికి కాగితం ఉందా?

పానగల్ పోరడు:
అడ్డా మీద నిలబడే మనిషికి పేస్లిప్ ఎవరిస్తారు సార్? మీ ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీకి రసీదు ఇచ్చారా?

కోర్టు పక్షి:
రామచంద్రప్ప కేసులో (2011) కూలీ నెలకు 4,500 వస్తుందంటే ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే కోర్టు) 3,000కు తగ్గించింది. అసంఘటిత కార్మికుడు కాగితం ఎక్కడి నుంచి తెస్తాడని సుప్రీంకోర్టు 4,500 ఒప్పుకుంది. అయినా పని ఇచ్చిన వాళ్లలో ఒకరిద్దరితో సాక్ష్యం చెప్పించండి. సర్టిఫికెట్ ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు, డాక్టర్‌ను కూడా పిలిపించాలి.

దేవరకొండ:
చేతికి 40 శాతమైతే ఒంటికి అంత రాదు. రాజ్‌కుమార్ తీర్పులోనే ఉంది. ఎవరూ జవాబివ్వరేం?

మిర్యాలగూడ మామ:
నేనొకటి అడుగుతా, సూటిగా చెప్పు. మీ మామ ఇప్పుడేం చేస్తున్నాడు?

పానగల్ పోరడు:
ఇంట్లోనే. కేసు అయ్యేదాకా ఏ పనీ పట్టొద్దని తెలిసినాయన చెప్పిండు. పని చేస్తుండగా ఫొటో తీసి కోర్టులో పెడతారట.

మిర్యాలగూడ మామ:
అదీ అసలు సంగతి! మా తమ్ముడినీ ఇట్లనే కూర్చోబెట్టారు. రైస్ మిల్లులో హమాలీ, కాలు విరిగింది. కాంటా దగ్గర చీటీలు రాసే పని ఇస్తామన్నారు, కేసు పాడవుతుందని మావాళ్లే వద్దన్నారు. ఏండ్ల తరబడి అరుగు మీద కూర్చుని తాగుడు మొదలుపెట్టిండు. పైసలు వచ్చినయి, మనిషి పనికి రాకుండా పోయిండు. నూరు శాతం అని చూపించుకోవడానికి నూరు శాతం పాడు చేసుకుంటారా?

పానగల్ పోరడు:
మీ తమ్ముడి తాగుడికి మా మామ కేసుకు ఏం సంబంధం? మర్యాదగా మాట్లాడండి.

హాలియా అక్క:
ఇద్దరూ కాస్త ఆగండి తమ్ముడూ, మామా.

కోర్టు పక్షి:
రాజ్‌కుమార్ తీర్పులోనే ఇంకో మాటుంది. పాత పని చేయలేకపోయినా చిన్న పనేదైనా చేసుకోగలడా అన్నదీ ట్రిబ్యునల్ చూడాలి. కాబట్టి దాచితే క్రాస్‌లో (అవతలి లాయరు ప్రశ్నల్లో) దొరికిపోతారు. మేస్త్రీ పని పోయింది, ఇప్పుడు వచ్చేది ఇంత అని ఉన్నదున్నట్టు చెబితే తేడా అడగొచ్చు. నూరు రాకపోవచ్చు, 40 కన్నా ఎక్కువ వచ్చే అవకాశం బాగానే ఉంది.

పానగల్ పోరడు:
చిన్న పని అంటే ఏంటో తెలుసా? ఆయన దగ్గర మాల్ కలిపిన కూలీ ఇప్పుడు మేస్త్రీ అయి, సైటులో సిమెంటు బస్తాలు లెక్క రాయమని పిలుస్తున్నాడు. మామ ఆ సైటు ఉన్న వీధిలోకే పోతలేడు. ఫొటోల భయం తర్వాత సంగతి. దానికి ఏ కోర్టు ఎన్ని శాతం వేస్తది?

మిర్యాలగూడ మామ:
ఏ కోర్టూ వేయదు. పిలిచే వాడు ఉన్నప్పుడే పొమ్మను. మా తమ్ముడిని రెండోసారి ఎవరూ పిలవలేదు.