నష్టపరిహారమా, ఎక్స్‌గ్రేషియానా?

ప్రశ్న: లాకప్‌లో మనిషి చనిపోతే పత్రికలు "ప్రభుత్వం నష్టపరిహారం ప్రకటించింది" అని రాస్తాయి. జీవోలో చూస్తే "ఎక్స్‌గ్రేషియా" అని ఉంటుంది. రెండూ ఒకటేనా?

జవాబు: కాదండీ. ఎక్స్‌గ్రేషియా లాటిన్ మాట, "దయతో" అని అర్థం. ఇచ్చేవాళ్లు తప్పు ఒప్పుకోనక్కర్లేదు, పుచ్చుకునేవాళ్లకు అడిగే హక్కూ లేదు. పరిహారం అంటే తొలగించడం. దోషపరిహారంలో ఉన్నదీ అదే. నష్టాన్ని తొలగించాల్సిన బాధ్యత ఒకరి మీద ఉన్నప్పుడే నష్టపరిహారం అనాలి.

ఆ బాధ్యత తేలిగ్గా రాలేదు. మీరట్ పోలీసులు ఒక వ్యాపారి దగ్గర పట్టుకున్న బంగారంతో హెడ్ కానిస్టేబుల్ పాకిస్తాన్ పారిపోతే, అది సార్వభౌమ అధికారంతో (రాజ్యానికి మాత్రమే ఉండే అధికారంతో) చేసిన పని కాబట్టి ప్రభుత్వానికి బాధ్యత లేదని 1964లో సుప్రీంకోర్టు చెప్పేసింది. దాన్ని బాగా సడలించింది మన ఎరువుల కేసే. అధికారులు జప్తు చేసిన సరుకు సరైన సంరక్షణ లేక పాడైంది. తిరిగి ఇస్తామన్నప్పుడు వ్యాపారి వెళ్లి చూస్తే నాణ్యతా లేదు, తూకమూ తగ్గింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు కట్టాల్సిందేనని 1994లో తీర్పు వచ్చింది. కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఖైదీని బాంబులేసి చంపిన కేసులోనూ, కాపలా లోపానికి ప్రభుత్వానిదే బాధ్యతని 2000లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

మరో జవాబు: నోటీసు రాసేటప్పుడు ఈ తేడా మరీ ముఖ్యం. "ఎక్స్‌గ్రేషియా ఇప్పించగలరు" అని రాస్తే అది వినతిపత్రమే. దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు కావాలి. అందులో పేరు, వివరాలు, చిరునామా, ఏం జరిగింది, "నష్టపరిహారంగా ఇంత" అనే మొత్తం రాసి, ప్రభుత్వ కార్యదర్శికో జిల్లా కలెక్టర్‌కో అందజేయాలి. 2 నెలలు ఆగాలి. ఆ గడువు లిమిటేషన్ (దావా వేయడానికి చట్టం పెట్టిన కాలపరిమితి) లెక్కలోకి రాదు. ప్రతివాదిగా శాఖ పేరు కాదు, రాష్ట్రం పేరు పెట్టాలి. హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ వేస్తే ఈ నోటీసు అక్కర్లేదు.

ప్రశ్న: ఎక్స్‌గ్రేషియా తీసుకుంటే దావా హక్కు పోతుందా?

జవాబు: తీసుకున్నంత మాత్రాన పోదు. "ఇక ఏ క్లెయిమూ లేదు" అనే వాక్యం రసీదులో ఉందేమో చూసి సంతకం పెట్టాలి. తెలుగు మాట కావాలంటే "ఆర్థిక సాయం" చాలు, పత్రికల్లో ఇప్పటికే ఉంది.