బ్లౌజు ముక్కలు గోతాల్లో పేరుకుపోయాయి, బొంతలకి ఎలా సర్ది దాచుకోవాలి?

సూదిదారం, భీమవరం

అందరికీ నమస్కారం. నేను ఇంట్లోనే బ్లౌజులు, పరికిణీలు, పిల్లల గౌన్లు కుడతాను. మిగిలిన ముక్క అడిగినవాళ్లకి ఇచ్చేస్తాను కానీ చాలామంది నువ్వే ఉంచుకోమంటారు, అలా టూ బై టూ, లైనింగు, కలంకారీ, మంగళగిరి, పట్టు, క్రేపు అన్నీ కలిసి గోతాల్లో చేరిపోయాయి. ఒక పచ్చ ముక్క కావాలంటే గోతాం మొత్తం నేల మీద బోర్లించాలి, వెతికి మళ్లీ కుక్కేసరికి అన్నీ ముడతలే. మా చెల్లికి ఈమధ్యే సీమంతం అయింది, పుట్టబోయే బిడ్డకి ఈ ముక్కలతో ఒక బొంత కుట్టిద్దామని గట్టిగా అనుకుంటున్నాను.

ముక్కల్ని రంగుల వారీగా సర్దాలా, సైజు వారీగానా? మాది చెమ్మ ఎక్కువున్న ఊరు, వానలు మొదలైతే బట్ట ముక్కిపోయిన వాసన వస్తుంది, అందుకని కలరా ఉండలు వేస్తున్నాను, అవి చాలా? ఇంకోటి, ఎంత చిన్న ముక్క దాకా దాచుకోవాలి? పారేయడానికి మనసు ఒప్పుకోవడం లేదు.

కత్తెరపదును, విజయవాడ

రంగు సంగతి తర్వాత చూద్దాం అక్కా, ముందు గుడ్డ రకాన్ని బట్టి విడదీయండి. కాటన్ ఉతికితే ముడుచుకుంటుంది, పాలిస్టర్ క్రేపు, జార్జెట్ ముడుచుకోవు, రెండూ పక్కపక్కన కుడితే మొదటి ఉతుకుకే కుట్టు దగ్గర గుడ్డ కుచ్చులు పడిపోతుంది. ఇస్త్రీ దగ్గర కూడా పేచీనే, కాటన్‌కి పెట్టే వేడి పాలిస్టర్‌కి పెడితే గుడ్డ పెట్టెకి అంటుకుపోతుంది. కాబట్టి కాటన్ ఒక చోట, పట్టు ఒక చోట, సింథటిక్ అంతా ఇంకో చోట. మా దుకాణంలో మూడు గోతాలు వేరే పెట్టి, కటింగు అయిన వెంటనే ముక్క ఎందులో పడాలో అందులో పడేస్తాం, అందుకే సర్దడం అని ప్రత్యేకంగా కూర్చోవాల్సిన పని ఉండదు.

ఏది ఏ గుడ్డో తెలియకపోతే నాలుగు పోగులు లాగి పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది, పట్టు అయితే వెంట్రుకలు కాలిన కంపు, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ఉండకడుతుంది. కింద నీళ్ల పళ్లెం పెట్టుకుని చేయండి, కరిగింది చేతి మీద పడితే బొబ్బే.

చంక దగ్గర, మెడ దగ్గర వచ్చే ఒంపు ముక్కలు, క్రాస్ పట్టీలు, అంటే ఏటవాలుగా తీసేవి, కోయగా మిగిలినవి విడిగా ఉంచుకోండి. క్రాస్‌లో ఉన్న ముక్క లాగితే సాగుతుంది, దాన్ని నిలువు పోగు ముక్కతో కలిపి కుడితే చదరం కాస్తా వంకరపోతుంది. వాటి వెనక పల్చటి లైనింగు వేసి కుట్టుకోవాలి, లేదా అప్లిక్‌కి, అంటే వేరే గుడ్డ మీద ఆకారంగా పెట్టి కుట్టడానికి, వాడుకోవాలి.

పడుగుపేక, డాలస్

సైజు గురించి నేను చెప్తాను. ఇక్కడ క్విల్టింగ్ చేసేవాళ్లు చాలామంది ముక్కని ముక్కగా దాచరు, వచ్చిన రోజే ఇస్త్రీ చేసి నికరమైన కొలతకి కోసి దాస్తారు. అయిదు అంగుళాల చదరం, రెండున్నర అంగుళాల పట్టీ, ఈ రెండే పెట్టుకోండి, అంతకంటే ఎక్కువ కొలతలు పెట్టుకుంటే మళ్లీ ఏ డబ్బాలో ఏముందో అనే టెన్షన్ మొదలవుతుంది. అయిదు అంగుళాలు రాని ముక్క రెండున్నర పట్టీ అవుతుంది, అదీ రాకపోతే రెండున్నర చదరం. ఇంక అడుగు పొడుగుకి మించినవి కోయొద్దు, మడిచి పెట్టుకోండి, పెద్ద ముక్క అవసరం ఎప్పుడో వస్తుంది.

కోసి దాచడంలో అసలు లాభం లెక్కలో తెలుస్తుంది. చుట్టూ పావు అంగుళం కుట్టులో పోతుంది కాబట్టి అయిదు అంగుళాల చదరం కుట్టాక నాలుగున్నర అవుతుంది. చంటిబిడ్డ బొంత 36 బై 45 అంగుళాలు అనుకుంటే అడ్డంగా 8, నిలువుగా 10, మొత్తం 80 చదరాలు. ఒంటి మంచం బొంతకి 14 బై 20 పెడితే 280 చదరాలు, కొలత 63 బై 90 వస్తుంది. డబ్బాలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే చాలు, ఇంకెంత కావాలో తెలిసిపోతుంది. రంగు ఈ దశలో చూసుకోండి, అది కూడా ఎరుపు, నీలం అని కాదు, లేత, ముదురు అని రెండు కట్టలు. బొంత మీద డిజైను కనపడేది లేతకీ ముదురుకీ ఉన్న తేడా వల్లే.

రెండున్నర కూడా రాని పీలికల్ని పల్చటి తెల్ల కాగితం మీద ఒకదాని పక్కన ఒకటి కుట్టుకుంటూ పోయి, నిండాక చదరంగా కోసి కాగితం చింపేయొచ్చు. కుట్టు బాగా చిన్నది పెట్టండి, కాగితం సులువుగా ఊడుతుంది. న్యూస్‌పేపర్ మాత్రం వద్దు, సిరా అంటుతుంది.

దబ్బనం, హుబ్బళ్లి

పై సలహా మిషను మీద కుట్టేవాళ్లకి సరిగ్గా సరిపోతుంది, కాదనను. కానీ అన్నీ చదరాలుగా కోసేయమంటే నాకు బాధేస్తుంది, చదరం చేయడానికి కోసి పారేసేదే బోలెడంత. మాకు ఇక్కడికి దగ్గరే, ఉత్తర కన్నడ జిల్లాలో ఎల్లాపుర, హళియాళ వైపు సిద్ది ఆడవాళ్లు కవంది అని బొంతలు కుడతారు. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. పాత చీర ఒకటి అడుగున పరిచి, ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచు వెంట ముక్కలు వేస్తూ చుట్టూ తిరిగి నడిమికి వస్తారు. ముక్క ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే, అంచు లోపలికి మడిచి చేత్తో పరుగు కుట్టు వేసేస్తారు, ఆ కుట్టే ముక్కనీ అడుగు చీరనీ కలిపి పట్టేస్తుంది. నాలుగు మూలలా మడతపెట్టిన చిన్న ముక్కలతో ఫూల అని పువ్వు పెడితేగానీ కవంది పూర్తయినట్టు కాదు.

మన ఇళ్లలో అమ్మమ్మలు కుట్టిన బొంతలూ ఇంచుమించు ఇంతేగా, కొలత పట్టుకుని కూర్చున్నవాళ్లు ఎవరు? అందుకే అక్కా, చేత్తో కుట్టే ఓపిక ఉంటే మీ చంక ముక్కలన్నీ ఒక సంచిలో అలాగే ఉంచుకోండి. అరచేతి వెడల్పు ఉన్నది ఏదైనా పనికొస్తుంది.

తెల్లకోటు, వరంగల్

పిల్లల వార్డులో నర్సుని, నాకు కుట్టుపని పెద్దగా రాదు, ఒక్క విషయం చెప్పడానికే రాస్తున్నాను. కలరా ఉండలు వేసిన గుడ్డలు పసిబిడ్డ దగ్గరికి తేవద్దమ్మా. జి6పిడి అనే ఎంజైము తక్కువగా పుట్టే పిల్లలు మన దగ్గర ఉన్నారు, వాళ్లకి ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు చితికిపోయి కామెర్లు, రక్తహీనత ముంచుకొస్తాయి. పుట్టిన బిడ్డకి ఆ లోపం ఉందో లేదో ముందుగా ఎవరికి తెలుస్తుంది? గుడ్డ ఆ ఆవిరిని పీల్చుకుని పట్టుకుంటుంది. ఆ గోతాల్లోవి పెద్దవాళ్ల బొంతలకి పెట్టుకోండి, బిడ్డకి మాత్రం ఉండలు తగలని కొత్త ముక్కలు చూసుకోండి.

సూదిదారం, భీమవరం

అమ్మో, ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదండి, చాలా థ్యాంక్స్. ఉండలు ఈ రోజే తీసేస్తాను, బిడ్డ బొంతకి ఇకమీదట వచ్చే కాటన్ ముక్కలే విడిగా పెడతాను. మరి ఉండలు లేకుండా పురుగు రాకుండా ఎలా? కలంకారీ ముక్కలు చాలా ఉన్నాయి, రంగు దిగుతుందేమో అని భయం. అడుగుకి అమ్మ పాత నేత చీర వేయొచ్చా?

అచ్చుదిమ్మె, పెడన

పురుగు ఊరికే రాదండి, తినడానికి ఏదో ఉంటేనే వస్తుంది. కాటన్‌లో గంజి కోసం సిల్వర్ ఫిష్ వస్తుంది, పట్టుని మాత్రం పట్టు కోసమే తినే పురుగులు వేరే ఉన్నాయి. కాబట్టి గంజి పెట్టిన ముక్కలు అలాగే దాచొద్దు, పాత దిండు గలీబులో వేసి మూతి కట్టి ఉతికేయండి, పీలికలు చిక్కుపడవు, పోగులూ ఎక్కువ ఊడవు. నీడలో పూర్తిగా ఆరాక, ఇస్త్రీ వేడి కూడా చల్లారాక పెట్టెలో పెట్టండి, వేడి మీద మూతేస్తే లోపల చెమ్మ పడుతుంది. గోతాం బదులు చీరలకి వాడే గుడ్డ సంచులు లేదా అట్టపెట్టెలు నేలకి ఎత్తుగా పెట్టుకోండి, ప్లాస్టిక్ కవర్లు మీ ఊరి చెమ్మకి అస్సలు వద్దు. బాగా ఎండిన వేపాకు పల్చటి గుడ్డలో మూటకట్టి వేయొచ్చు, పచ్చాకు వేస్తే మరకలు. వానాకాలం అయ్యాక ఒకసారి అన్నీ తీసి గాలికి ఆరేయండి. జరీ ముక్కలు తెల్ల మల్లు గుడ్డలో చుట్టి విడిగా పెట్టండి.

కలంకారీ రంగు తెలుసుకోవాలంటే తడి తెల్ల గుడ్డతో ముక్కని గట్టిగా రుద్దండి. అంటితే దాన్ని విడిగా ఉతుకుతూ ఉండాలి, అంటడం ఆగేదాకా బొంతలో వేయొద్దు. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందంటారు, అద్దకం అయిపోయిన గుడ్డకి ఉప్పు ఏమీ చేయలేదు. ఇంకొకటి, నలుపు ఎక్కువున్న పాత కలంకారీ ముక్కల్ని వేళ్లతో లాగి చూడండి. మేం వాడే నలుపు ఇనుపముక్కలు, బెల్లం ఊరబెట్టిన కసింతో చేసేది, ఆ ఇనుము వల్ల ఏళ్లు గడిచేకొద్దీ గుడ్డ నల్లగీతల దగ్గరే ముందు చిరుగుతుంది. చిరిగితే మొహమాటపడకుండా పక్కన పెట్టేయండి.

అమ్మగారి నేత చీర భేషుగ్గా వేయొచ్చు, ఉతికి ఉతికి మెత్తబడి ఉంటుంది కాబట్టి బిడ్డ ఒంటికి గరుకు తగలదు. దాని మధ్యలో మాత్రం కలరా ఉండలు పెట్టి ఉంటే పై నర్సమ్మ చెప్పినట్టు వద్దు. చీర పన్నా 45 అంగుళాల దాకా ఉంటుంది, బొంతలో 36 వైపు పన్నాకి, 45 వైపు పొడుగుకి వచ్చేలా పెడితే ఒకటిన్నర గజం సరిపోతుంది, అతుకు పడదు. కూర్చుని కూర్చుని నలిగిన భాగం వదిలేసి, గుడ్డ గట్టిగా ఉన్న చోట కోయండి.