‘గాలి వేగాన్ని కొలిచింది’ అనవచ్చునా?

ప్రశ్న: ఒక సైన్సు వ్యాసాన్ని దిద్దుతున్నాను. అందులో “1999 మే 3న ఓక్లహోమాలోని బ్రిడ్జ్ క్రీక్ దగ్గర, లారీ మీద అమర్చిన డాప్లర్ రాడార్ టోర్నడోలోని గాలి వేగాన్ని గంటకు సుమారు 480 కిలోమీటర్లుగా కొలిచింది” అనే వాక్యం ఉంది. దిశతో కూడినది వేగం, దిశ లేనిది వడి అని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం కదా. ‘వడి’ అని మార్చమంటారా?

జవాబు: ‘గాలి వేగం’ జనవ్యవహారంలో స్థిరపడిన మాట కనుక దాన్ని అలాగే ఉంచండి. మార్చవలసింది ‘కొలిచింది’ అన్న క్రియ అని నా అభిప్రాయం.

రాడార్‌కు గాలి కనబడదు. అది పంపిన తరంగాలు వాన చినుకులకో, వడగళ్లకో, సుడిలో లేచిన మట్టికీ చెక్కముక్కలకో తగిలి తిరిగి వస్తాయి. ఆ చినుకులూ ముక్కలూ రాడార్ వైపు ఎంత వేగంగా వస్తున్నాయో, లేదా దాని నుంచి ఎంత వేగంగా దూరమవుతున్నాయో మాత్రమే ఆ ప్రతిధ్వని చెబుతుంది. కిరణానికి అడ్డంగా పోయే కదలిక అందులో సున్నాగానే తేలుతుంది. టోర్నడో ఒక అంచున చినుకులు దగ్గరికి వస్తూ, ఆ పక్కనే రెండో అంచున దూరమవుతూ కనిపించడం వల్లనే సుడి ఉందని పోల్చుకోగలుగుతారు. పరిశోధకులు వీలైనప్పుడు రెండు లారీలను వేరు వేరు కోణాల్లో నిలపడం కూడా గాలి దిశను రాబట్టడానికే. పైగా, బరువైన శిథిలాలు గాలితో సమానంగా తిరగక బయటికి విసిరివేయబడతాయి. చెట్లూ ఇళ్లూ అడ్డుపడటంతో కిరణం నేలను ఆనుకుని సాగదు. ఆ 480 నేలకు కొన్ని పదుల మీటర్ల ఎత్తునున్న గాలికి సంబంధించిన అంకె; తరవాతి విశ్లేషణల్లో అదీ మారింది.

1996 ఏప్రిల్ 10న ఒలీవియా తుపానులో ఆస్ట్రేలియాకు చెందిన బారో దీవిలో నమోదైన గంటకు 408 కిలోమీటర్ల గాలి సంగతి వేరు. అక్కడ గాలి నేరుగా ఎనిమోమీటర్‌కే (గాలి వేగాన్ని కొలిచే పరికరానికే) తగిలింది కనుక ‘కొలిచింది’ అనడం అన్ని విధాలా సమంజసం. ప్రపంచ వాతావరణ సంస్థ కూడా టోర్నడో రికార్డును దీనితో కలపకుండా విడిగా చూపుతుంది.

మీ వాక్యాన్ని “రాడార్ నమోదు చేసిన చినుకుల, శిథిలాల కదలికను బట్టి గాలి వేగం గంటకు సుమారు 480 కిలోమీటర్లని లెక్కగట్టారు” అని మార్చవచ్చు. కాస్త పొడవైనా, జరిగింది అదే.

ప్రశ్న: అదే వ్యాసంలో 2013 మే 31 నాటి ఎల్ రీనో టోర్నడో గురించి “తీవ్రత మూడో స్థాయి” అని, ఆ వెంటనే రాడార్ అంకె అంతకన్నా చాలా ఎక్కువని ఉంది. పొరపాటు కాదా?

జవాబు: కాదు. ఆ స్థాయిని జరిగిన నష్టాన్ని చూసి నిర్ణయిస్తారు; ఆ టోర్నడో ఎక్కువగా పొలాల మీదుగా పోయింది. ‘తీవ్రత’ బదులు ‘నష్టాన్ని బట్టి ఇచ్చిన స్థాయి’ అని రాయండి.